ఆ టోపీ వేటగాడు ఎవరి ప్రతినిధి?

టీవీలో వేటగాడు కనపడాలంటే కొంత సరంజామా ఉండాలి. అంచు వంచిన టోపీ, జేబులెక్కువున్న ఖాకీ చొక్కా, ఒళ్లో రైఫిలు, వెనక గోడ మీద కొమ్ములు, నోట్లో తాతముత్తాతల కథ. ఇవన్నీ ఉన్న మనిషి స్టూడియోలో కూర్చోగానే యాంకరు గొంతు కాస్త తగ్గుతుంది. ఆయన పేరు కింద 'ప్రముఖ వేటగాడు' అని అక్షరాలు పడతాయి. అక్కణ్ణించి ఆయన అడవి గురించి చెబుతాడు, పులి గురించి చెబుతాడు, గిరిజనుల గురించి చెబుతాడు, చివరికి ఆడపులి మనస్తత్వం గురించి కూడా ఆయనే చెబుతాడు. వేటాడే వాళ్లందరి తరఫునా ఆ ఒక్కడే మాట్లాడేస్తున్నట్టు మనమూ తలూపుతాం.

అసలు ఆయన ఎవరి ప్రతినిధి? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. సినిమాలో నాయిక ఎవరి ప్రతినిధి, కథలో 'ఇల్లాలు' ఎవరి ప్రతినిధి అని ఇన్నేళ్లుగా తగవు పడుతున్న మనం కూడా అడగలేదు. వేట మగవాళ్ల వ్యవహారం, మనకెందుకని వదిలేశాం. అలా వదిలేయడం వల్లనే వేట మగవాళ్ల వ్యవహారంగా మిగిలిపోయిందని నా అభియోగం.

నాకు ఈ ప్రశ్న పుట్టించింది 2018 నాటి అవని కథ. మహారాష్ట్రలో యవత్‌మాళ్ జిల్లా పాంఢర్‌కవడా ప్రాంతంలో 2016 జూన్ నుంచి రెండేళ్లలో పదమూడు మంది చావుకు కారణమని చెప్పిన ఆడపులి అది. అటవీశాఖ లెక్కల్లో టి-1. పట్టుకోవాలి, కుదరకపోతే చంపాలి అన్న ఉత్తర్వును ఆపడానికి 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు నిరాకరించింది. అటవీశాఖ హైదరాబాదు నుంచి నవాబ్ షఫత్ అలీ ఖాన్‌ని పిలిపించింది. నవంబరు 2 రాత్రి ఆయన కొడుకు అస్గర్ అలీ ఖాన్ తూటాకు ఆ పులి చచ్చిపోయింది. ఏడాది కూడా నిండని రెండు పిల్లలు దానికి. కాల్చడానికి కొడుక్కి అధికారం లేదని, నిబంధనలు పాటించలేదని జాతీయ పులుల సంరక్షణ సంస్థ విచారణ తప్పుపట్టింది. ఆత్మరక్షణ కోసం కాల్చామని వాళ్లు చెప్పుకున్నారు. కోర్టు ధిక్కార పిటిషన్ 2021లో సుప్రీంకోర్టులో ముందుకు సాగలేదు. ఆ తగవు తీర్చడం నా పని కాదు. పులి చచ్చిందని తెలిసి అక్కడి ఊళ్లలో మిఠాయిలు పంచుకున్నారు. హైదరాబాదులో తలుపు గడియ పెట్టుకుని పడుకునే నాకు వాళ్లను తప్పుపట్టే హక్కూ లేదు.

నా దృష్టంతా ఆ వేట చుట్టూ తయారైన బొమ్మ మీదే. ఎంత హంగామా! ఏనుగులు తెచ్చారు. మోటారు పారాగ్లైడరు తెచ్చారు. ఇటలీ జాతి వేటకుక్కల్ని తెచ్చారు. పులిని రప్పించడానికి చెట్ల మీద, పొదల మీద 'అబ్సెషన్ ఫర్ మెన్' అనే విదేశీ మగవాళ్ల సెంటు చల్లారు. ఆడపులిని లొంగదీయడానికి మగసెంటు! ఇది నేను కల్పించిన వ్యంగ్యం కాదు, ఆ రోజుల్లో పత్రికలన్నీ రాశాయి. చానెళ్లకు ఇంతకు మించిన ముడిసరుకు ఏముంటుంది?

ఆ హంగామాలోనే ఒకటి జరిగింది. 2018 అక్టోబరు మొదట్లో, వేట కోసం తెచ్చిన ఏనుగుల్లో ఒకటి గొలుసు తెంపుకుని ఊళ్ల మీద పడింది. ఒక స్త్రీని తొక్కి చంపింది. ముప్ఫై ఏళ్ల మనిషి. పులి చంపిన పదమూడు మంది లెక్కలో ఆమె లేదు. నేను చూసిన తెలుగు చర్చల్లో ఒక్కదానిలోనూ ఆమె మాట రాలేదు. పులి చంపితే వార్త, పులిని చంపితే పెద్ద వార్త. పులిని చంపడానికి వచ్చిన ఏనుగు ఒక పల్లెటూరి ఆడమనిషిని చంపితే అది ఏ అర కిందికీ రాదు. కథలో ముగ్గురికే చోటుంది: వేటగాడు, పులి, పులి మీద జాలిపడే నగరం.

ఈ బొమ్మ టీవీ కనిపెట్టింది కాదు. సాహిత్యం చదువుకున్న వాళ్లం గనక మన ఇంటి నుంచే మొదలుపెడదాం. మన కావ్యాల్లో ఇద్దరు వేటగాళ్లున్నారు. ఒకడు రాజు. మనుచరిత్రలో స్వరోచి వేటకు వెళ్తాడు. కుక్కల పేర్లు, డేగల పేర్లు, పరివారం, కోలాహలం. దాని పేరే మృగయా వినోదం. వినోదం అన్న మాట అక్కడే ఉంది, వెతుక్కోనక్కర్లేదు. ఇంకొకడు ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలోని తిన్నడు. ఉడుమూరు వాడు, బోయవాడు. అతనికి వేట అంటే తిండి, ఆ తిండే నైవేద్యం. మాంసం రుచి చూసి మంచి ముక్క శివుడికి పెడతాడు. మొదటివాడి వేట ఎవరి కడుపూ నింపడానికి కాదు. రెండోవాడి వేటలో పంచిపెట్టడమే ప్రధానం. ఐదు వందల ఏళ్ల నాటి కవులకు ఈ తేడా తెలుసు. కెమెరా మాత్రం స్వరోచినే తెచ్చుకుని, అతని పేరు కింద తిన్నడి కులవృత్తి రాసింది.

రాజుల వేటలో మామూలు వేటగాడు లేడా అంటే ఉన్నాడు. డప్పు కొడుతూ, కేకలు వేస్తూ, మంచె వైపు జంతువును తోలుతూ ఉన్నాడు. నిజాం రాజ్యంలో అదీ ఒక వెట్టి. అడుగుజాడ చూసి దారి చెప్పేది అతను, ముందు నడిచేది అతను, జంతువు తిరగబడితే ముందు చచ్చేది అతను. చచ్చిన పులి మీద కాలు పెట్టి ఫొటో దిగేది ఇంకొకడు. విజయనగరం మహారాజకుమార్, క్రికెట్ వాళ్లకు తెలిసిన విజ్జీ, మూడు వందలకు పైగా పులులను చంపాడని చెబుతారు. ఆ మూడు వందల వేటల్లో పులి జాడ తీసిన వాళ్లెంతమంది? లెక్క ఎవరూ రాయలేదు. నేటి టీవీ బొమ్మ ఆ ఫొటోకే రంగులద్దింది. ఊళ్లో వాళ్లు ఇప్పటికీ ఫ్రేము చివరన, కొంచెం మసగ్గా నిలబడి ఉంటారు.

మరి మామూలు వేటగాడు ఎవరు? తెలుగు భాషనే అడిగి చూద్దాం. కోస్తాలో 'వేటకెళ్లాడు' అంటే సముద్రం మీదికి వెళ్లాడని. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజుల 'వేట నిషేధం' అంటే చేపల వేటకే. పట్నంలో 'వేట మాంసం' అని బోర్డు పెడితే అది మేకో పోతో. అంటే మన జనం నోట్లో వేట అనే మాట తుపాకీకి చాలా దూరంగా, కూరకు చాలా దగ్గరగా ఉంది. తెలుగునాట వేటకు వెళ్లేవాళ్లలో లెక్కకు ఎక్కువమంది మత్స్యకారులే. ఆ వేట రేవు దగ్గర సగమే అవుతుంది. వేలంలో కొనేది, గంపకెత్తేది, ఉప్పేసి ఎండబెట్టేది, ఊరూరా తిరిగి అమ్మేది, ఆ డబ్బుతో మళ్లీ పడవ మీద అప్పు తీర్చేది ఆడవాళ్లు. వాళ్లు లేకపోతే దొరికిన చేప మధ్యాహ్నానికి కంపు కొడుతుంది. కానీ 'వేటకు వెళ్లే మనిషి' అంటే ప్రభుత్వ కాగితంలోనూ పడవెక్కిన మగవాడే. నిషేధకాలపు భృతి ఆ పేరు మీదే వస్తుంది.

మా అమ్మమ్మగారిది నెల్లూరు జిల్లా. వరికోతలు అయ్యాక యానాది కుటుంబాలు పొలాల్లోకి దిగేవి. గట్టు మీద ఎలుక బొరియలు వెతకడం, ఒకటి తప్ప మిగతా కన్నాలన్నీ మట్టితో మూయడం, ఆ ఒక్క కన్నానికి గడ్డి కుక్కిన కుండ మూతి ఆనించి అడుగునున్న చిల్లిలోంచి పొగ ఊదడం. ఊదేది ఒకోసారి మగమనిషి, ఎక్కువసార్లు ఆడమనిషి. పొగకు కళ్లు ఎర్రబడి నీళ్లు కారేవి. ఎలుకలు చిక్కాక బొరియ తవ్వి, లోపల అవి దాచుకున్న వరి వెన్నులు తీసుకునేవాళ్లు. ఒక్కోసారి చాటెడు ధాన్యం వచ్చేది. ఆ ధాన్యం ఆడవాళ్లది. రైతుకు ఎలుకల పీడ పోయేది, వాళ్లకు కూరా కూడూ రెండూ దొరికేవి. ఇంతకంటే తెలివైన వేట నేను ఏ డాక్యుమెంటరీలోనూ చూడలేదు. దాన్ని వేట అని మా ఇంట్లో ఎవరూ అనలేదు. 'ఎలుకలు పడుతున్నారు' అనేవాళ్లు, ఆ మాటలో కులం వాసన స్పష్టంగా ఉండేది. పులిని చంపితే వేట, ఎలుకను చంపితే పట్టడం. జంతువు పరిమాణాన్ని బట్టి కాదు, చంపిన మనిషి అంతస్తును బట్టి మాట మారుతుంది.

నల్లమల చెంచుల గురించి హైమెన్‌డార్ఫ్ 1943లో పుస్తకం రాశాడు. చెంచు అనగానే విల్లంబులు పట్టిన మగవాడే మనకు గుర్తొస్తాడు. సినిమావాళ్లు చెంచులక్ష్మికి కూడా విల్లే ఇచ్చారు. కానీ ఆ పుస్తకం చదివితే వాళ్ల కడుపు నింపింది ప్రధానంగా దుంపలు, పళ్లు, ఆకులు అని తెలుస్తుంది. తవ్వేకర్ర విల్లు కంటే ముఖ్యమైన పనిముట్టు. ఆ కర్ర పట్టుకుని ఏ సినిమా పోస్టరు మీదా ఎవరూ నిలబడలేదు.

ఇంకో ముచ్చట చెప్పాలి. అరకు, పాడేరు వైపు చైత్రమాసంలో ఇటుకల పండుగ వస్తుంది. మగవాళ్లు వేటకు అడవిలోకి పోతారు. ఊళ్లో మిగిలిన ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా దుంగలు పెట్టి, తాడు కట్టి, వచ్చేపోయే బండ్లను ఆపి పండుగ డబ్బులు వసూలు చేస్తారు. మగవాళ్లు ఉత్తచేతులతో తిరిగొస్తే వాళ్ల మీద పేడనీళ్లు కుమ్మరిస్తారు. ఇప్పుడు అడవిలో జంతువులూ లేవు, చట్టమూ ఒప్పుకోదు, కాబట్టి వేట చాలామటుకు తంతుగా మిగిలింది. పేడనీళ్లు మాత్రం మిగిలాయి. మామూలు వేటగాడి వేటను అతని ఊరి ఆడవాళ్లు నిలదీస్తారు, నవ్వుతారు, లెక్క అడుగుతారు. టీవీ వేటగాడి మీద పేడనీళ్లు కుమ్మరించే వాళ్లెవరు? ఆయన వేట ఎవరికీ జవాబుదారీ కాదు, కెమెరాకు తప్ప.

ఇక చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడమే కాదు. పట్టడం, ఉచ్చు వేయడం, తరమడం, ఎర పెట్టడం, గూడు చెడగొట్టడం, గుడ్లు తీయడం, అన్నీ వేటే. అంటే మన భాష 'పట్టడం' అని తక్కువ చేసిన పనిని చట్టం వేట అని గౌరవించింది, శిక్ష వేయడం కోసం! ఉడుమూ పులీ ఒకే షెడ్యూల్లో ఉంటాయి. ఉడుమును పట్టుకున్న మనిషి పేరు 'నిందితుడు', పత్రికలో 'వేటగాళ్ల ముఠా'. అదే చట్టం కింద, ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి ఉత్తర్వు చేతిలో ఉంటే, తుపాకీ లైసెన్సు ఉన్నాయన అతిథిగా వస్తాడు, కారు పంపిస్తారు, గెస్ట్‌హౌస్ ఇస్తారు. 2016 జూన్‌లో బిహార్‌లోని మొకామాలో పంటలు పాడు చేస్తున్నాయని రెండు వందలకు పైగా నీలగాయిలను కాల్చడానికి షూటర్లు వెళ్లింది మన హైదరాబాదు నుంచే. మనుషుల ప్రాణాలకు ముప్పు వచ్చినప్పుడు, పంట పోయినప్పుడు ప్రభుత్వం ఏదో ఒకటి చేయాల్సిందే, కాదనను. నేను అడిగేది వేరే. ఒకే పనికి రెండు పేర్లు ఎందుకొచ్చాయి? ఆ పేర్ల మధ్య గోడ కట్టడంలో తెర మీది బొమ్మకు ఎంత వాటా ఉంది? 'వేటగాడు' అంటే ఆ టోపీ మనిషే అని మనకు బాగా అలవాటు చేశాక, ఉడుముతో దొరికిన చెంచు మనిషి మనకు దొంగగానే కనిపిస్తాడు.

ఇక్కడ నన్ను ఎవరైనా ఆపి, నువ్వు పేదవాళ్ల వేటను పవిత్రం చేస్తున్నావు అనవచ్చు. చేయడం లేదు. అడవిపందుల కోసమని చేల చుట్టూ కరెంటు తీగలు పరిచేది కూడా మామూలు మనుషులే. ఆ తీగలకు పందులతో పాటు పులులు చచ్చాయి, తెల్లారకముందే నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతులు చచ్చారు. అడవిమాంసం కిలో లెక్కన పట్నానికి చేరుతుంది, కొనేది బలిసినవాళ్లే అయినా అమ్మేది ఊళ్లో వాళ్లే. స్త్రీలు విల్లు ముట్టకూడదన్న కట్టుబాటు చాలా సమాజాల్లో ఉంది. మంచి ముక్కలు ఎవరికి, తలకాయ ఎవరికి అన్న పంపకాల్లోనూ మగవాడి పెత్తనం ఉంది. ప్రతినిధి కావాలంటే మంచివాడే కానక్కర్లేదు. కానీ ఆ తప్పులూ ఒప్పులూ తనవి అయి ఉండాలి గదా. టీవీ వేటగాడికి మామూలు వేటగాడి ఆకలీ లేదు, తప్పూ లేదు.

మగవాడే వేటగాడు అన్న నమ్మకానికి శాస్త్రం ముద్ర కూడా వేసింది. 1966లో షికాగోలో జరిగిన సదస్సు పేరే 'మ్యాన్ ద హంటర్', 1968లో అదే పేరుతో పుస్తకం. అందులోనే రిచర్డ్ లీ, కలహారి కుంగ్ ప్రజల తిండిలో ఎక్కువ భాగం స్త్రీలు ఏరి తెచ్చిన గింజలూ దుంపలే అని లెక్కలతో చూపించాడు. పుస్తకం లోపల ఆడవాళ్లు అన్నం పెడుతుంటే అట్ట మీద మగవాడు వేటాడుతున్నాడు! శాలీ స్లోకమ్ లాంటి స్త్రీవాద మానవశాస్త్రవేత్తలు డెబ్భైల్లోనే దీన్ని నిలదీశారు. ఫిలిప్పీన్స్ ఆగ్తా స్త్రీలు విల్లంబులతో, కుక్కలతో పెద్ద జంతువులనే వేటాడటం ఎనభైలకల్లా రికార్డయింది. 2020లో పెరూ కొండల్లో తొమ్మిది వేల ఏళ్ల నాటి ఒక యువతి సమాధిలో వేట పనిముట్లు బయటపడ్డాయి. 2023లో ఒక అధ్యయనం, పరిశీలించిన సమాజాల్లో డెబ్భై తొమ్మిది శాతంలో స్త్రీలు వేటాడారని ప్రకటిస్తే, 2024లో ఇతర పరిశోధకులు ఆ లెక్కలో లోపాలున్నాయని, అంత శాతం నిలవదని వాదించారు. నాకు శాతం మీద పంతం లేదు. డెబ్భై తొమ్మిది కాకపోతే ముప్ఫై కానివ్వండి. ఆడవాళ్లు చేసిన ప్రతిదాన్నీ 'ఏరడం', 'పట్టడం', 'సాయం చేయడం' అని రాసి, ఆ తర్వాత వాళ్లు వేటాడలేదని తేల్చడంలో ఉన్న మోసం ఏ శాతానికీ మారదు.

అయితే ఆడమనిషికి తుపాకీ ఇచ్చి తెర మీద కూర్చోబెడితే సరిపోతుందా? ఈ ప్రయోగం అమెరికాలో జరిగిపోయింది. అక్కడ వేట చట్టబద్ధం, టీవీ వేటకు వేరే చానెళ్లే ఉన్నాయి. 2016 ప్రభుత్వ సర్వే ప్రకారం పదహారేళ్లు దాటిన వేటగాళ్లు కోటీ పదిహేను లక్షలు, అందులో స్త్రీలు పదిమందిలో ఒకరు. 2014 మేలో ఈవా షాకీ అనే టీవీ వేటగత్తె 'ఫీల్డ్ అండ్ స్ట్రీమ్' పత్రిక ముఖచిత్రం మీదికెక్కింది. అంతకు ముందు 1976లో ఎలిజబెత్ రాణి ఎక్కిందట. మామూలు వేటగత్తెకు చోటు రావాలంటే రాణి కావాలి, కాకపోతే టీవీ తార కావాలి. 2016లోనే విస్కాన్సిన్ రాష్ట్రం, వేటగాళ్లు ప్రమాదం జరగకుండా తొడుక్కునే నారింజ రంగు చొక్కాలకు తోడు మెరిసే గులాబీ రంగును కూడా అనుమతిస్తూ చట్టం చేసింది, ఆడవాళ్లు ఎక్కువమంది వేటకు వస్తారని! గులాబీ రంగు చూపిస్తే పరుగెత్తుకొస్తామా అని వేటాడే ఆడవాళ్లే కొందరు మండిపడ్డారు.

పరిశోధన పని మీద ఆ రాష్ట్రంలోనే ఒక ఏడాది ఉన్నాను. నేను అద్దెకున్న ఇంటావిడ బడి వంటశాలలో పనిచేసేది. నవంబరులో తొమ్మిది రోజుల జింకల వేట మొదలయ్యే శనివారం చీకటితోనే లేచి వెళ్లేది. ఒక్క జింక. దాన్ని తనే కోసి, పొట్లాలు కట్టి, ఫ్రీజరులో సర్దేది. ఆ చలికాలమంతా వాళ్లింట్లో బజారు మాంసం కొన్నది లేదు. టీవీలో వేట కార్యక్రమం వస్తే రిమోటు తీసుకుని మార్చేసేది. వీళ్లు కంచె లోపల కొమ్ముల కోసం పెంచిన జింకల్ని కాలుస్తారని, తను కొమ్ములు వండుకోలేనని చెప్పేది. ఆ తెరల మీద తిరుగులేని వీరుడుగా వెలిగిన టెడ్ న్యూజెంట్, 2010లో కాలిఫోర్నియాలో ఎరపెట్టి జింకను చంపిన కేసులో జరిమానా కట్టాడు, 2012లో అలాస్కాలో నల్ల ఎలుగుబంటి కేసులో నేరం ఒప్పుకున్నాడు. లైసెన్సు డబ్బు కట్టి, ట్యాగు కట్టి, నియమం ప్రకారం ఒక్క జింకను చంపుకునే ఆవిడకు ఆయన ప్రతినిధి ఎలా అవుతాడు? అక్కడ మామూలు వేటగాళ్లకు చట్టం ఉంది, ఓటు ఉంది, సంఘాలున్నాయి. కనీసం ఇతను మా వాడు కాదని చెప్పుకోగలరు. మన చెంచు మనిషి ఆ మాట అనాలంటే ముందు తానొక వేటగాణ్ణని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే కేసు.

అందుకే మహాశ్వేతాదేవి 'శికార్' కథ నాకు ఇంకా పాతబడలేదు. ఒరావ్ స్త్రీలు పన్నెండేళ్లకొకసారి మగవేషాలు వేసుకుని వేటకు వెళ్లే జనీ పరబ్ ఆ కథకు ఆధారం. రోహ్తాస్‌గఢ్ కోటను మగవేషంలో కాపాడిన ఆడవాళ్ల జ్ఞాపకంగా దాన్ని జరుపుకుంటారు. కథలో మేరీ ఒరావ్, తన వెంటపడిన కాంట్రాక్టరును ఆ రోజే వేటాడుతుంది. స్పీవాక్ అనువాదం తర్వాత మన విశ్వవిద్యాలయాల్లో దీన్ని ప్రతిఘటనకు రూపకంగా చదువుతున్నాం, నేనూ పాఠం చెప్పాను. కానీ క్లాసులో ఒక్కసారి కూడా, వేటను వేటగా, అంటే ఒరావ్ ఆడవాళ్లు నిజంగా చేసే పనిగా, దానికో నేర్పు ఉందన్నట్టుగా మేం చర్చించలేదు. రూపకం చేసి మింగేశాం. టీవీ వాళ్లు వేటగత్తెను కనపడకుండా చేస్తే, మనం ఆమెను ప్రతీకగా మార్చి మళ్లీ కనపడకుండా చేశాం. రెండోది ఇంకాస్త మర్యాదగా జరిగింది, అంతే తేడా. 2021లో వచ్చిన 'షేర్నీ' సినిమా ఆ టోపీ వేటగాణ్ణి బాగానే ఎద్దేవా చేసింది. అందులో నాయిక అటవీ అధికారిణి. చదువుకున్న స్త్రీకి అడవిలో ఒక చోటు దొరికింది, సంతోషమే. కట్టెలకు, పశువుల వెంట, చేల పనికి వెళ్లే స్త్రీకి తెర మీద ఎక్కువగా దొరికేది ఇప్పటికీ శవం పాత్రే.

ఆ చేలు ఎక్కడో లేవు. యవత్‌మాళ్ పత్తి నేలకు కిందుగా వస్తే మన ఆసిఫాబాద్ పత్తి నేల. పులులకు రాష్ట్ర సరిహద్దులు తెలియవు, మహారాష్ట్ర అడవుల నుంచి ప్రాణహిత దాటి ఇటు వస్తాయి. 2020 నవంబరులో కొమురం భీం జిల్లా దహెగాం మండలంలో ఒక యువకుణ్ణి, అదే నెలాఖరున పెంచికలపేట మండలంలో పత్తి ఏరుతున్న ఒక అమ్మాయిని పులి చంపింది. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర మళ్లీ పత్తి చేలోనే ఒక యువతి. అందరికీ నవంబరే, పత్తితీతల కాలమే. పత్తి ఏరే మనిషి నడుము వంచి, తల దించి, ఒంటి ఎత్తు మొక్కల మధ్య ఉంటుంది. పత్తి తీసేది ఎక్కువగా ఆడవాళ్లు. నిలబడి కాల్చే మనిషి ఎత్తు నుంచి చూస్తే ఈ సంగతి తెలియదు.

2024 చావు తర్వాత అక్కడి కూలీలకు అటవీశాఖ మొహం బొమ్మ ఉన్న మాస్కులు పంచింది, తల వెనకవైపు పెట్టుకోమని. వెనకనుంచి వచ్చే పులికి మనిషి తనవైపే చూస్తున్నట్టు అనిపిస్తుందట. పొద్దెక్కాక చేలోకి దిగి, పొద్దుండగానే ఇల్లు చేరమని చెప్పారు. ఆ వారం ఒక చానెల్లో పులి మనస్తత్వం మీద చర్చ పెట్టారు. రైఫిలు సంగతి వచ్చింది, మత్తు సూది సంగతి వచ్చింది. వచ్చిన నలుగురూ మగవాళ్లు, నలుగురూ పట్నం వాళ్లు. పత్తితీతకు కూలి కిలో లెక్కన కడతారు. ఆలస్యంగా దిగి తొందరగా ఎక్కితే రోజుకు ఎన్ని కిలోలు తగ్గుతాయో, ఆ కూలి ఎవరిస్తారో వాళ్లలో ఒక్కరూ అడగలేదు.